నేరేడులంకలో ఎనిమిదో నర్సు

నేరేడులంక వాళ్లని పిసినారులన్నా సర్దుకుపోతారు గాని, మర్యాద తెలియని వాళ్లంటే మాత్రం ఊరుకోరు. గోదావరి మధ్యలో నాలుగొందల గడప. కొబ్బరి, అరటి, కూరపాదులు. సగం మందికి చేపల వేట, సగం మందికి వ్యవసాయం. ఆడవాళ్లు చాలామంది పొద్దున్నే పడవెక్కి కడియం నర్సరీల్లో మొక్కల పనికి వెళతారు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడు కూడా ఆ ఊళ్లో భోంచెయ్యకుండా రేవు దాటలేడు. మూడిళ్లలో తిని, నాలుగో ఇంట్లో "అయితే మా ఇంట్లో తినరన్నమాట" అని దెప్పించుకుని, చేతిలో అరటి అత్తం పట్టుకుని మరీ పడవెక్కాలి.

ఇంత మర్యాద ఉన్న ఊళ్లో నర్సు నిలవదు. ఆరేళ్లలో ఏడుగురు వచ్చారు, ఏడుగురూ వెళ్లిపోయారు.

ఆ ఏడుగురి పేర్లూ, వచ్చిన తేదీలూ, పోయిన తేదీలూ నూకరత్నానికి నోటికి వచ్చు. ఆమె ఆ ఊరి ఆశా కార్యకర్త. కడుపుతో ఉన్నవాళ్ల పేర్లు రాసుకోవడం, పిల్లల టీకాల రోజు గుర్తు చెయ్యడం, మాత్రలు పంచడం, పదిహేడేళ్లుగా ఆమె పని. ఇవన్నీ కాగితం మీద ఉన్నవి. కాగితం మీద లేనిది ఇంకొకటుంది. వచ్చిన నర్సు పోకుండా చూసుకోవాలి. అవతలి గట్టున పి.హెచ్.సి.లో డాక్టరు లోకనాథ్ గారు ప్రతి నెలా మీటింగులో అదే చెప్పేవారు.

"పోస్టులో మనిషిని వెయ్యడం వరకే మా చేతుల్లో ఉంటుందండి రత్నంగారు. నిలబెట్టుకోవడం మీ చేతుల్లో ఉంది."

జీతం ఇచ్చేది వాళ్లు. క్వార్టరు కట్టింది వాళ్లు. సెలవు ఇవ్వాలన్నా ఇవ్వకూడదన్నా వాళ్లే. నిలబెట్టాల్సింది మాత్రం రత్నం. "అలాగేనండి" అనేది ఆవిడ. నర్సు వెళ్లిపోయినప్పుడల్లా పై ఆఫీసు నుంచి ఒక ఫారం వచ్చేది, కారణం ఏమిటని. పెళ్లి, పైచదువు, అనారోగ్యం, ఇతరములు. డాక్టరుగారు ఏడుసార్లూ ఇతరములు దగ్గర టిక్కు పెట్టి పంపించేశారు.

రత్నం భర్త సత్తియ్య రేవులో ఇంజను పడవ నడుపుతాడు. ఏడుగురినీ ఊళ్లో దింపింది ఆయనే, తిరిగి దాటించిందీ ఆయనే. "వచ్చేటప్పుడు ఒక్క పెట్టె. వెళ్లేటప్పుడు పెట్టెకి తోడు నాలుగు సంచులు. కొబ్బరికాయలంట, అప్పడాలంట, జాకెట్టు గుడ్డలంట. అన్నీ ఇచ్చి పంపుతున్నా ఆ పిల్లల మొహాల్లో జైల్లోంచి విడుదలైన కళ ఉంటుందేంటే?" అని పెళ్లాన్ని అడిగేవాడు. రత్నానికి కోపం వచ్చేది. పడవ నడుపుకునేవాడికి ఇవన్నీ ఎందుకు?

ఒక్కో నర్సు వెళ్లిపోగానే ఊరు కూర్చుని ఆలోచించేది. ప్రతిసారీ ఒకటే తేలేది: మర్యాదలో ఎక్కడో లోటు జరిగింది. మొదటి నర్సుకి ఎవరికి తోచింది వాళ్లు పెట్టారు, కొన్ని పూటలు ఖాళీ పోయుంటాయి. అందుకని రెండో నర్సుకి ఇళ్లవారీగా వంతులు వేశారు. ఆ అమ్మాయి అయిదు నెలలకే పోయింది. ఒంటరితనం అయ్యుంటుందని బంగారమ్మగారు తేల్చింది. ఈ బంగారమ్మగారు ఊళ్లో పెద్ద కొబ్బరితోటల ఇల్లాలు, వంట విషయంలో ఆవిడ మాటే ఊరి మాట. మూడో నర్సుకి ఒంటరితనం రాకుండా క్వార్టరు అరుగు మీద రెండు బెంచీలు వేయించింది. పొద్దుణ్ణుంచీ సాయంత్రం దాకా ఎవరో ఒకరు వచ్చి కూర్చునే ఏర్పాటు. నాలుగో ఆవిడకి గోదారి చిట్టిచేప చీరమేనుతో గారెలు, అయిదో ఆవిడకి ఊళ్లోనే పెళ్లి సంబంధాలు. ఇక్కడి పిల్లాణ్ణి చేసుకుంటే ఎక్కడికి పోతుందిలే అని. ఆ అమ్మాయి నెల కూడా ఆగలేదు.

నవ్వొస్తోందా? రావచ్చు. కానీ రత్నానికి నవ్వొచ్చే విషయం కాదిది.

ఆరో నర్సు పోయి, ఏడో నర్సు ఇంకా రాని ఆ నాలుగు నెలల్లో రత్నం కూతురు అశ్విని కడుపుతో ఉంది. ఆ పిల్లని అదే ఊళ్లో రెండు వీధుల అవతల ఇచ్చారు. ఎనిమిదో నెలలో కాళ్లకి వాపు వచ్చింది. నర్సు ఉంటే బి.పి. చూసి ఉండేది. నర్సు లేదు. నీరు పట్టిందిలే, ఉప్పు తగ్గించమని చెప్పి రత్నం తన పనిమీద తాను తిరిగింది. మూడో రోజు పట్టపగలు వంటింట్లో ఫిట్స్ వచ్చి పడిపోయింది. పాతవాళ్లు దాన్ని గుర్రపువాతం అనేవారు. పడవ, ఆటో, అంబులెన్సు మారి రాజమండ్రి చేరేసరికి పిల్ల బతికింది గాని కడుపులో బిడ్డ బతకలేదు. మగబిడ్డ. ఊరంతటికీ జాగ్రత్తలు చెప్పే మనిషి కూతురికే అలా జరిగిందని ఎవరూ ఆమె మొహం మీద అనలేదు. అంటే బాగుండేది. తిట్టినా ఏడ్చి ఊరుకునేది.

ఇప్పుడు అశ్వినికి మళ్లీ ఆరో నెల. సరిగ్గా ఇలాంటి సమయంలో ఏడో నర్సు మంజూష కూడా పెట్టె సర్దుకుంది. పెద్దాపురం పిల్ల, నెమ్మదస్తురాలు. రత్నం రేవులో ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుని, "నా కూతురు పురుడు దాకా అయినా ఉండమ్మా" అని ఏడ్చింది. మంజూష కూడా ఏడ్చింది. ఏడుస్తూనే పడవెక్కేసింది.

వారం తర్వాత రత్నం ఉండబట్టలేక ఫోన్ చేసింది. ఏడుగురిలో ఎవరినీ ఎప్పుడూ అడగని మాట అడిగింది.

"మా వల్ల ఏం తప్పు జరిగిందో చెప్పమ్మా. నిజం చెప్పు."

"మీరేమీ అనుకోనంటే చెప్తానత్తా."

"అనుకోను."

"పొద్దున్న అయిదింటికి కాఫీ గ్లాసుతో ఒకరు తలుపు కొడతారు. ఆరింటికి ఇంకొకరు ఇడ్లీలు పట్టుకొస్తారు. తియ్యకపోతే ఒంట్లో బాగాలేదేమోనని కిటికీలోంచి తొంగిచూస్తారు. స్నానం చేసి వచ్చేసరికి అరుగు మీద నలుగురు కూర్చుని ఉంటారు. బంగారమ్మగారి కేరేజీ తింటే ఎదురింటివాళ్లు అలుగుతారు, ఎదురింటివాళ్లది తింటే బంగారమ్మగారు అలుగుతారు. అందుకని రెండూ తినేదాన్ని. ఎనిమిది నెలల్లో పదకొండు కేజీలు పెరిగానత్తా. బస్టాండులో మా అమ్మ నన్ను దాటి వెళ్లిపోయింది."

"అది ప్రేమ కదమ్మా!"

"ప్రేమేనత్తా. ప్రేమ కాబట్టే తిట్టలేక పారిపోయాను."

రత్నానికి ఒళ్లు మండింది. పెట్టిన చేతుల్నే తప్పు పడతారా? ఫోన్ పెట్టేసి రెండు గంటల సేపు గిన్నెల మీద విసుగంతా చూపించింది. ఆ తర్వాత ఒక్కొక్కటీ గుర్తు రావడం మొదలైంది. రెండో నర్సు రోజూ సాయంత్రం ఒక్కతే ఏటిగట్టు మీదికి వెళ్లి కూర్చునేది. అయ్యో, ఒంటరిగా కూర్చుంటోంది పాపం అని, ఆమెకి తోడుగా ఇద్దరు ఆడపిల్లల్ని పంపింది ఎవరు? తనే.

మర్నాడు బంగారమ్మగారి ఇంటికి వెళ్లి చెప్పింది. "ఈసారి వచ్చే నర్సుకి ఎవరూ ఏమీ పెట్టొద్దండి. ఎవరూ వెళ్లి కూర్చోవద్దండి. అలా వదిలేద్దామండి."

బంగారమ్మగారు చేస్తున్న పని ఆపేసింది. "ఏంటే, మన ఊరికొచ్చిన మనిషికి అన్నం పెట్టొద్దంటావా? ఆ మాట నీ నోట ఎలా వచ్చిందే? రేపు ఆ పిల్ల అవతలి గట్టుకెళ్లి నేరేడులంకలో మంచినీళ్లకి కూడా దిక్కులేదని చెప్తే మన మొహాలు ఎక్కడ పెట్టుకుంటాం?"

రత్నం వచ్చిన దారినే వచ్చేసింది.

పదిరోజులకి డాక్టరుగారు ఫోన్ చేశారు. కొత్త నర్సు పేరు రూతు, ఊరు కోరుకొండ దగ్గర, ఫిబ్రవరి మొదట్లో చేరుతుంది. "ఎనిమిదో మనిషి అండి. ఈవిడ కూడా పోతే ఇక పోస్టు వేరే ఊరికి మార్చేస్తారు. నా చేతుల్లో ఉండదు" అన్నారు. ఆయన చేతుల్లో ఏదీ ఉండదు కాబట్టి రత్నం ఆశ్చర్యపోలేదు. కానీ రూతు అన్న పేరు వినగానే ఆమె బుర్రలో దీపం వెలిగింది. నర్సరీ పనికి వచ్చే అవతలి గట్టు ఆడవాళ్లలో క్రైస్తవులు ఉన్నారు. ఈస్టరుకి ముందు వాళ్లు నలభై రోజులు ఉపవాసాలుంటారని ఆమె వింది.

రత్నం పరుగున వెళ్లి బంగారమ్మగారికి చెప్పింది. కొత్త నర్సు నలభై రోజుల దీక్షలో ఉందట. మన అయ్యప్ప మాల లాంటిది. పరాయి ఇంటి మెతుకు గాని, పరాయి చేతి నీళ్లు గాని ముట్టదట. తిండి మాట ఎత్తినా దీక్ష చెడుతుందట. ఈ చివరి ముక్క రత్నం అప్పటికప్పుడు కల్పించింది.

గంటసేపు వాదించాల్సి వస్తుందని గుండె చిక్కబట్టుకుని వెళ్లింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఏం పేరన్నావు?"

"రూతండి."

బంగారమ్మగారు ఒక్క క్షణం ఆగింది. "సరే అయితే. దీక్ష మనం చెడగొట్టకూడదు. అందరికీ చెప్పు" అంది. అందరూ కూడా అంతే తేలిగ్గా ఒప్పుకున్నారు. ఎదురింటివాళ్లు కాఫీ గ్లాసు బీరువాలో పెట్టేసుకున్నారు. అరుగు మీది బెంచీలు ఎవరో లోపల పెట్టించేశారు. తన తెలివికి రత్నం ఆ రోజంతా మురిసిపోయింది.

రూతు మిట్టమధ్యాహ్నం దిగింది. ఇరవయ్యారేళ్ల అమ్మాయి, సన్నగా, నల్లగా, రెండు చేతుల్లో రెండు సంచులు. రేవులో ఎవరూ లేరు. రత్నం ఒక్కతే తాళం చెవితో నిలబడి ఉంది. ఆ పిల్ల మొహం ఎండకి కమిలిపోయింది. ఇంట్లోకి పరిగెత్తి మజ్జిగ తేవాలని రత్నం కాళ్లు తొందరపడ్డాయి. ఆగు, ఆగు, ఇలాగే ఏడుగురినీ తరిమావు అని తనకి తాను చెప్పుకుని, క్వార్టరు తాళం తీసిచ్చింది.

"మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయండి?" అని అడిగింది రూతు.

"అదిగోనండి మేడం, కుళాయి" అని వేలు పెట్టి చూపించి రత్నం వచ్చేసింది. దారి పొడుగునా ఆమెకి మనసు పీకుతూనే ఉంది. అయినా ఆగింది. జన్మలో అంత కష్టమైన పని చెయ్యలేదని ఆ రాత్రి సత్తియ్యతో చెప్పుకుంది.

రూతు పనిమంతురాలు. తొమ్మిదింటికి తలుపు తెరిచేది, ఒక్కొక్కరి పేరూ అడిగి రాసుకునేది. అశ్వినికి జరిగింది పాత రిజిస్టర్లో చదివి, ప్రతి శుక్రవారం తప్పకుండా రమ్మంది. ఏడో నెలలోనే నర్సరీ పని మాన్పించింది. ఎడమ పక్కకి తిరిగి పడుకోమంది. మొదటి శుక్రవారం బి.పి. బాగుంది. రెండో శుక్రవారం బాగుంది. తర్వాత కొంచెం పెరిగితే డాక్టరుగారితో మాట్లాడి మాత్రలు మొదలుపెట్టింది. రత్నం గుండెల మీది బరువు కొంచెం కొంచెంగా దిగింది.

ఊరు మాత్రం నానా అవస్థా పడుతోంది. తిండి ఊసు లేకుండా మనిషిని పలకరించడం ఎలాగో నేరేడులంకకి తెలియదు. "ఏం కూర?" అనకూడదు. "భోంచేశారా?" అనకూడదు. "కాఫీ తాగి వెళ్లండి" అసలే అనకూడదు. ఇవి మూడూ తీసేస్తే వాళ్ల దగ్గర మిగిలిన మాటలేమీ లేవు. అందుకని రూతు వీధిలో వస్తుంటే జనం తలలు దించుకునేవారు. కొందరు లోపలికి వెళ్లిపోయేవారు. దీక్షకి భంగం రాకుండా తలుపులు దగ్గరకి వేసుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

"చూశావా, మొదటిసారి ఒక్క పిల్ల హాయిగా ఉంది" అంది రత్నం భర్తతో.

"నాకైతే హాయిగా కనపడట్లేదే. ఆదివారం పడవెక్కితే అవతలి గట్టు వచ్చేదాకా ఒక్క ముక్క మాట్లాడదు. దిగేటప్పుడు మటుకు దండం పెడుతుంది."

"ప్రశాంతంగా ఉంది. నీకు అర్థం కాదులే."

"ఆయ్, నాకేం అర్థమవుద్ది" అని సత్తియ్య బీడీ వెలిగించుకున్నాడు.

ముప్ఫయ్యారో రోజున డాక్టరుగారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. అది శుక్రవారం, పదకొండు దాటింది. "ఏం చేశారండి ఆ అమ్మాయిని? బదిలీకి అర్జీ పెట్టుకుని పదిహేను రోజులైందట. పై ఆఫీసు వాళ్లు ఇవాళ నన్నడుగుతున్నారు. నాకేం తెలుసు? మీరు నిలబెట్టుకోవాలి కదా?"

రత్నం, ఇంట్లో తలనొప్పని పడుకున్న అశ్వినికి అల్లుణ్ణి కాపలా పెట్టి, క్లినిక్‌కి పరిగెత్తింది. ఎక్కడ తప్పింది? ఎవరో చాటుగా కేరేజీ పంపించి ఉంటారు. ఎవరో కాఫీ ఇచ్చి ఉంటారు. వాళ్లని చంపెయ్యాలి.

అక్కడికి వెళ్లేసరికి బంగారమ్మగారు మోకాళ్ల నొప్పుల మాత్రల కోసం వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. లోపల రూతు ముందు కంచం. కంచంలో అన్నం, కోడిగుడ్ల పులుసు.

"దీక్ష అయిపోయిందామ్మా?" అంటోంది బంగారమ్మగారు.

"ఏం దీక్షండి?"

"అదే, నలభై రోజుల ఉపవాసం. రత్నం చెప్పిందిగా. ఎవరింట్లోనూ ముట్టవని."

రూతు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. గుమ్మంలో వగరుస్తున్న రత్నం వంక చూసింది. రత్నానికి తప్పించుకునే దారి కనపడలేదు. నిలబడ్డ చోటే నిలబడి అంతా చెప్పేసింది. ఏడుగురు నర్సుల సంగతీ, మంజూష ఫోనులో చెప్పిందీ, తను ఆడిన అబద్ధం, అన్నీ. "నువ్వు ఊపిరాడక పారిపోకూడదని చేశానమ్మా. నీ మంచికేనమ్మా" అంది.

రూతు గొంతు పెంచకుండానే చెప్పింది.

"మా పేట పేరు చెప్పగానే గ్లాసు వేరే పెట్టే ఊళ్లు నాకు తెలుసండి. చిన్నప్పట్నుంచీ చూశాను. మీది గ్లాసే ఇవ్వని ఊరనుకున్నాను. దిగిన రోజు నీళ్లడిగితే మీరు కుళాయి చూపించారు. వీధిలో వస్తుంటే తలుపులు వేసుకున్నారు. ఇరవై రోజులు చూశాను. ఇరవై ఒకటో రోజు అర్జీ పెట్టాను."

"అయ్యో, రామ రామ, మా ఊళ్లో అలాంటివి లేవమ్మా" అంది బంగారమ్మగారు గబగబా.

"లేకపోతే మంచిదేనండి. నాకు ముందు వచ్చినవాళ్లకి పెట్టొద్దంటే ఊరుకునేవారా మీరు?"

కొత్త నర్సుకి అన్నం పెట్టొద్దని రత్నం మొదటిసారి చెప్పినప్పుడు బంగారమ్మగారు ఎంత మండిపడిందో, రూతు పేరు విన్నాక ఎంత తొందరగా సరేనందో ఆ గదిలో ఇద్దరికి తెలుసు. రత్నం గోడకి ఆనుకుంది. బంగారమ్మగారి సంగతి అలా ఉంచు, నీ సంగతేంటి అని తనని తాను అడుక్కుంది. ఉపవాసం అబద్ధమని ఊళ్లో తెలిసింది తనొక్కతెకే. ముప్ఫయ్యారు రోజుల్లో ఒక్క పూట ఈ పిల్లని ఇంటికి తీసుకెళ్లి ఇంత అన్నం పెట్టకుండా తనని ఎవరు ఆపారు? అంతా తెలివే అనుకుంది. మంజూషకైతే ఇంత తెలివి చూపించగలిగేదా? జవాబు వెతుక్కోవడానికి ఆమెకి భయం వేసింది.

రూతు లేచి చెయ్యి కడుక్కుంది. గోడ మీది క్యాలెండరు చూసింది.

"ఇవాళ శుక్రవారం. అశ్విని రాలేదేం?"

"తలనొప్పంటే పడుకోమన్నానండి."

"ఎప్పట్నుంచి?"

"పొద్దుణ్ణుంచి."

రూతు ఇంకో మాట అడగలేదు. బి.పి. మిషను చంకన పెట్టుకుని చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలో పరిగెత్తింది. వెనకాల రత్నం, ఆ వెనకాల మోకాళ్ల నొప్పులు మరిచిపోయి బంగారమ్మగారు. అశ్విని కళ్లు మసకబారుతున్నాయంటోంది. మిషను నూట డెబ్భై, నూట పది చూపించింది. రూతు డాక్టరుగారికి ఫోన్ చేసి, ఆయన చెప్పిన ఇంజక్షను ఇచ్చి, అంబులెన్సుని అవతలి గట్టుకి పిలిచి, సత్తియ్య చేత పడవ తీయించింది. ఇదంతా పావుగంటలో. రత్నం ఏ పనికీ కొరగాలేదు. పదిహేడేళ్లుగా పక్కవాళ్ల కూతుళ్లకి ధైర్యం చెప్పిన మనిషి, పడవలో కూతురి తల ఒళ్లో పెట్టుకుని "అమ్మా, అమ్మా" అనడం తప్ప ఏమీ చెయ్యలేకపోయింది.

పడవ కదలబోతుంటే బంగారమ్మగారు నీళ్ల సీసాతో రేవులోకి వచ్చింది. అశ్వినికి పట్టించింది. ఆ తర్వాత అదే సీసా రూతుకి అందించింది. రూతు తీసుకుని తాగింది. అంతటితో ఊరు మారిపోయిందని రాస్తే అది రత్నం ఆడినదానికంటే పెద్ద అబద్ధం అవుతుంది. ఎండగా ఉంది, ఆ పిల్లకి దాహం వేసింది, బంగారమ్మగారు ఇచ్చింది.

రాజమండ్రి పెద్దాసుపత్రిలో సాయంత్రం నాలుగింటికి ఆపరేషను చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. రెండు కేజీలకి కొంచెం తక్కువ. వేడి పెట్టెలో పెట్టి, "పిల్ల గట్టిదే, ఏడుపు చూశారా?" అంది అక్కడి నర్సు. అశ్వినికి ఫిట్స్ రాలేదు. ఇంకో గంట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో చెప్పలేమన్నారు. రత్నం ఆ ఏడుపు అద్దం అవతల నుంచి విన్నది. పోయినసారి ఈ ఆసుపత్రిలోనే ఏ ఏడుపూ వినపడలేదు. వరండాలో కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

సత్తియ్యా అల్లుడూ మందుల కోసం వెళ్లారు. రూతు ఎక్కడికో వెళ్లి రెండు పొట్లాలతో వచ్చింది. ఒకటి రత్నం ఒళ్లో పెట్టింది.

"తినండత్తా. పొద్దుణ్ణుంచీ ఏమీ తినలేదు మీరు."

పెరుగన్నం. పక్కన ఇంత మాగాయ ముక్క. రత్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. వచ్చినవాళ్లకి పెట్టడమే జీవితమనుకున్న ఊరి మనిషికి, తను కుళాయి చూపించిన పిల్ల అన్నం పెడుతోంది. రత్నం తల పైకెత్తకుండా తింది. కన్నీళ్లు అన్నంలో పడ్డా ఆగలేదు. ఆకలి అలాంటిది.

తిన్నాక, అర్జీ వెనక్కి తీసుకోమ్మా అన్న మాట నోటి దాకా వచ్చింది. ఏడుగురినీ రేవులో చేతులు పట్టుకుని అలాగే బతిమాలింది. ఈసారి ఆ మాట మింగేసి ఇంకొకటి అడిగింది.

"మా ఊళ్లో ఉండాలంటే నీకేం కావాలమ్మా?"

రూతు ఆమె వంక విచిత్రంగా చూసింది. "ఈ మాట అడగడానికి ఎనిమిదో మనిషి దాకా ఆగారా?"

"ఆగాను తల్లీ. తప్పే."

"క్వార్టరు తలుపుకి లోపల గడియ లేదు. తెలుసా మీకు?"

"లేదా?"

"ఆరేళ్లుగా లేదు. గోడ మీద మంచం కోడు రాసుకున్న గుర్తు ఉంది. నాకు ముందు వచ్చినవాళ్లందరూ మంచం తలుపుకి అడ్డం జరుపుకునే పడుకున్నారు. నేనూ అంతే."

ఏడుగురు ఆడపిల్లలు. కాఫీలూ కేరేజీలూ గారెలూ మోసుకుని ఆ తలుపు దగ్గరికి ఊరంతా వెళ్లింది. రత్నం రోజుకి రెండుసార్లు వెళ్లింది. గడియ లేదని ఒక్కరూ చూడలేదు.

"పెట్టిస్తాను. రేపే పెట్టిస్తాను. ఇంకా?"

"తెల్లారి ఏడు దాటాక తలుపు కొట్టండి. ఆదివారం తొమ్మిదింటికి చర్చికి పడవ. వీధిలో కనపడితే నా మొహం చూసి మాట్లాడండి, ఏదో ఒకటి." రూతు పొట్లం కాగితం మడత పెడుతూ ఆగింది. "ఇంకొకటి. మీ ఇంటికి ఒకసారి అన్నానికి పిలవండి. ఒక్కసారే. రోజూ వద్దు."

రత్నానికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అర్జీ?"

"అది నేను ఆలోచించుకోవాలత్తా. ఇప్పుడేం చెప్పలేను."

అలాగేనండి అనబోయి రత్నం ఆగింది. "ఆలోచించుకో. అశ్వినిని ఇంటికి తీసుకెళ్లాక, పై ఆదివారం మా ఇంటికి రా అమ్మా."

"ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి పొద్దుపోతుంది" అంది రూతు. "సోమవారం వస్తాను."